పత్రంతో పాటు కొలతలూ తెరవండి: ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పరిశోధన పత్రాలను అందరికీ ఉచితంగా అందించే నియమావళి రాయించేటప్పుడు సిస్టమ్స్ కెమిస్ట్రీని (ఒకదానిపై ఒకటి ప్రభావం చూపే అణువుల సముదాయాలను చదివే రసాయన శాఖను) మరవకండి. ఇందులో ఏం కలిపామన్నదే కాదు, ఎలా కలిపామన్నదీ ఫలితాన్ని మార్చేస్తుంది. 2010లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ బృందం చూపింది అదే: ఒకే పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) ద్రావణాన్ని కుదిపితే ఆరు యూనిట్ల వలయాకార అణువు, గిర్రున తిప్పితే ఏడు యూనిట్లది పైచేయి అయింది. అందుకే పీడీఎఫ్‌లో గ్రాఫు బొమ్మ ఒక్కటే చాలదు. సమయం, గాఢతల అంకెలున్న సీఎస్‌వీ ఫైలు (ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే పట్టిక), ఉష్ణోగ్రత, పీహెచ్, తిప్పిన వేగం కూడా జతచేయించండి. జెనోడో అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే డీఓఐ (ఫైలుకు శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉచితం.

ప్రచురణ ఫీజు భయమా? ‘కెమికల్ సైన్స్’ పత్రిక రచయితల దగ్గర పైసా తీసుకోదు. చందా కట్టి చదవాల్సిన పత్రికల్లో వేస్తే, ప్రచురణకర్త ముద్రించిన పీడీఎఫ్‌ను నెట్‌లో ఎక్కిస్తే సాధారణంగా తీసేయమంటారు. దాని బదులు ఎక్కించేందుకు, రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) దాటి ఆమోదం పొందిన సొంత వర్డ్ ప్రతిని దాచుకోమనండి (చాలామంది పారేసుకునేది దాన్నే!).

ఇట్లు,
రసాయన శాస్త్ర పరిశోధకులు, అనంతపురం