పద్దూకి, వార్డులో చేరేముందు

ఒసే పద్దూ,

నీ మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది, నైట్లు పడ్డాయే, అందుకే లేటు. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ డ్యూటీ, అదీ మెడికల్ సర్జికల్ వార్డు, గుండె దడదడలాడుతోంది అన్నావు కదా. ఫోన్లో చెప్దామంటే మీ చిన్నది మాట్లాడనివ్వదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు.

నాకూ మొదట్లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తడమే పని. మాది 28 బెడ్లు, రాత్రి ఇద్దరం సిస్టర్లం, ఒక ఆయమ్మ. సెలైన్ అయిపోయిందని ఒకడు, ఫ్యాన్ తిరగట్లేదని ఒకడు, డిశ్చార్జ్ ఫైలు ఏమైందని ఇంకొకాయన కౌంటర్ మీద చెయ్యేసి నిలబడతాడు. ఇంక టీపీఆర్ చార్టు (జ్వరం, పల్స్, ఊపిరి రాసేది) సంగతి నీకు తెలుసు కదా, రెస్పిరేషన్ గడిలో లెక్కపెట్టకుండానే అందరికీ వరసగా 20, 20, 20 అని రాసేసేదాన్ని. నువ్వూ రాశావు, అబద్ధమాడకు! కాలేజీలో మేడం లెక్కపెట్టమంటే మనం నవ్వుకునేవాళ్ళం కూడా.

ఆ 20 రాయడం ఎలా మానేశానో చెప్తా విను. ఒక రాత్రి, రెండు దాటింది. 4వ బెడ్డు తాత నొప్పి నొప్పి అని ఒకటే కేకలు, ఆయన కొడుకు నన్ను తిడుతున్నాడు. 9వ బెడ్డులో పెద్దపేగు ఆపరేషన్ అయ్యి ఒక రోజైనాయన, ఒక్క కూతైనా లేదు. వాళ్ళావిడేమో "ఇప్పుడే కాస్త ప్రశాంతంగా పడుకున్నారమ్మా, లేపకండి" అంది. సరేలే అని తాత వైపు వెళ్ళబోయాను, ఎందుకో మనసొప్పక దగ్గరికెళ్ళి చూశా. పడుకోలేదే, కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తున్నాడు, మంచినీళ్ళు కావాలి సిస్టర్ అన్నాడు, చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిడ్డుగా ఉంది. బీపీ 108/70, అదొక్కటే చూస్తే వదిలేసేదాన్ని. పల్స్ 118. ఆ పూట మాత్రం వాచీ చూసి నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టా, 28 వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ చెప్పే శాచురేషన్ 95. మూత్రం సంచి యూరోబ్యాగ్‌లో నాలుగ్గంటలకి 40 ఎంఎల్, అదీ టీ డికాషన్ రంగులో. 60 కిలోల మనిషికి గంటకి తక్కువలో తక్కువ 30 ఎంఎల్ రావాలి కదా (కిలోకి అర ఎంఎల్ లెక్క, గుర్తొచ్చిందా?). డ్రెయిన్ బ్యాగ్ (ఆపరేషన్ చోటు నుంచి ట్యూబుతో రక్తం, నీరు చేరే సంచి) చూస్తే దాదాపు ఖాళీ, పొట్ట మీద డ్రెస్సింగ్ పొడిగా తెల్లగా ఉంది. హమ్మయ్య అనుకుని దుప్పటి సర్దుదామని నడుం కింద చెయ్యి పెడితే వెచ్చగా తడి. గ్లవ్ నిండా రక్తం. ట్యూబులో గడ్డ అడ్డుపడి, బ్యాగ్‌లోకి రావాల్సింది పక్కనుంచి కారి వీపు కింద చేరింది.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే నిద్రమత్తులో "బీపీ బానే ఉందిగా సిస్టర్, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం" అన్నాడు. అదివరకైతే సరే సార్ అని పెట్టేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఎవరు, ఏ ఆపరేషన్, ఎన్నో రోజు, ఇప్పుడు ఎంతెంత ఉన్నాయి అన్నీ వరసగా చదివి "న్యూస్ స్కోర్ 7 సార్, మీరిప్పుడే రావాలి" అన్నా. పేషెంట్ ఎంత సీరియస్సో చెప్పే ఈ న్యూస్ స్కోర్ లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో పెట్టింది, 2017లో కొంచెం మార్చారు. ఊపిరి, శాచురేషన్, ఆక్సిజన్ మీద ఉన్నాడా లేదా, పై బీపీ, పల్స్, తెలివి, జ్వరం, ఒక్కోదానికి మార్కులు. 5 గానీ 6 గానీ వస్తే వెంటనే డాక్టర్ చూడాలి, 7, ఆపైన అంటే ఎమర్జెన్సీ. మా దగ్గర చార్టు గోడకి అంటించారు గానీ అప్పటిదాకా దాన్ని చూసినవాళ్ళు లేరు. ఆయనొచ్చాడు, దుప్పటి ఎత్తి చూశాడు, మారు మాట్లాడకుండా ఓటీకి, అదే ఆపరేషన్ థియేటర్‌కి, ఫోన్ చేశాడు. పేషెంట్ పదకొండో రోజు నడిచి ఇంటికెళ్ళాడు. అన్నట్టు ఆ రాత్రి తాత సంగతి పాపం మర్చిపోయాననుకునేవు, పక్క సిస్టర్ ఇంజెక్షన్ ఇచ్చింది, ఆయన కొడుకు మాత్రం నా మీద కంప్లైంట్ రాసిచ్చాడు.

నీకు చెప్పాలనుకున్నది అదే. రక్తం పోతున్నప్పుడు ఒళ్ళు చాలాసేపు బీపీని లాక్కొస్తుంది, ముందు పల్స్, ఊపిరి పెరుగుతాయి, బీపీ పడేసరికి మనకి టైం ఉండదు. కాబట్టి హ్యాండోవర్ (ముందు షిఫ్ట్ వాళ్ళు పేషెంట్లని అప్పగించడం) అవ్వగానే కౌంటర్ దగ్గర కూర్చోకు, ఫైళ్ళు ముట్టుకోకు, ఒక చుట్టు చుట్టిరా, సద్దు చెయ్యనివాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకునేవాళ్ళకి పల్స్ కూడా పెరగకపోవచ్చు, కేస్ షీట్‌లో మందులు చూసుకో. పొగ తాగి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ తాతలకి శాచురేషన్ 88 నుంచి 92 ఉంటే చాలు, అటెండర్లు గోల పెడుతున్నారని ఆక్సిజన్ ఎక్కువ తిప్పేయకు.

షుగర్ వాళ్ళదొకటి. టిఫిన్ ట్రే కళ్ళకి కనపడ్డాకే ఇన్సులిన్ పొడువు. ఒకసారి నేను ఏడున్నరకి చేసేశా, క్యాంటీన్ వాడు ఎనిమిది నలభైకి తెచ్చాడు, ఆవిడ చెమటలు కారుతూ నన్ను అక్కా అని కాకుండా ఎవరి పేరో పెట్టి పిలుస్తోంది, చూస్తే షుగర్ 48. మింగగలుగుతోంది కాబట్టి గ్లూకోజ్ నీళ్ళు పట్టి పావుగంటకి మళ్ళీ చూశాం. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, డెక్స్‌ట్రోజ్ ఐవీనే (నరంలోకి గ్లూకోజ్), అది నీకు తెలుసు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట అక్కడే నిలబడు, ఎవరు పిలిచినా సరే. పొటాషియం డైరెక్టుగా పుష్ చెయ్యమని ఎవడన్నా, ఎంత పెద్ద డాక్టరైనా, చెయ్యకు.

ఫైళ్ళ గురించి తిట్టాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది, ఇన్సూరెన్స్ ఫొటోలకే గంట పోతోంది మాకు. సరేగానీ మీ వార్డులో ఎన్ని బెడ్లు, రాత్రి ఎంతమంది సిస్టర్లు, చేరే ముందే అడిగి నాకు రాయి. ఇంకా, సెకన్ల ముల్లున్న వాచీ కొనుక్కో, ఫోన్ చూస్తే మెసేజ్‌లు కనపడి లెక్క తప్పుతావు. నాది బీసెంట్ రోడ్డులో కొన్నదే, బెల్టు మూడుసార్లు మార్చా గానీ ముల్లు మాత్రం ఆగలేదు.

నీ
సుబ్బులు