శివాలయం ప్రాంగణం నేల పనికి విరాళాల విజ్ఞప్తి

ఓం నమశ్శివాయ.

ఊళ్లోని పెద్దలకు, ఆడపడుచులకు, ఉద్యోగాల మీద బయట స్థిరపడ్డ మన పిల్లలకు ఆలయ కమిటీ నమస్కారాలు.

మొన్న కార్తీక పౌర్ణమికి గుడికి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. ఉత్తరం వైపు ఒక్క ప్రమిద కూడా సరిగ్గా నిలబడలేదు. ఒక బండ అటు వాలితే పక్క బండ ఇటు లేచింది. నూనె ఒలికి, ఒత్తులు కొండెక్కాయి. తడిబట్టలతో ప్రదక్షిణ చేస్తున్న ఒక పెద్దావిడ లేచిన బండ అంచు తగిలి పడిపోయారు. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది, అది స్వామి దయ.

ఆ బండలు వేసి నిండా ఆరేళ్లు కాలేదు. దాతల పేర్లు చెక్కించి మరీ వేశాం. ఇప్పుడు పదకొండు బండలు సరిగ్గా పేరు మధ్యలో విరిగాయి. ఇంటిపేరు ఒక ముక్క మీద, మనిషి పేరు ఇంకో ముక్క మీద ఉన్నాయి. ఆ కుటుంబాలకు మా క్షమాపణలు. పని చేసినవాళ్లను అనే ముందు మమ్మల్ని మేమే అనుకోవాలి. శివరాత్రి దగ్గర పడుతోందని తొందరపెట్టింది కమిటీయే. నేల గీకి, నాలుగు అంగుళాల ఇసుక పోసి, దాని మీదే బండలు పరిపించేశాం.

మనది నల్లరేగడి. పల్నాడులో పుట్టినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పాలా? ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే ఉబ్బుతుంది. పైన ఎంత మంచి రాయి వేసినా కింద నేల ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదులుతుంటే రాయి ఏం చేస్తుంది? మన ఊరి ఇంజనీరింగ్ పిల్లలు ఇద్దరు ప్రాంగణం మట్టిని ఎండబెట్టి, జల్లించి, చెరి 10 గ్రాములు రెండు గాజు గొట్టాల్లో పోశారు. ఒకదాంట్లో కిరసనాయిలు, ఇంకోదాంట్లో నీళ్లు. కిరసనాయిలు మట్టిని ఉబ్బించదు. మర్నాటికి అందులో మట్టి 10 గీత దగ్గరే ఉంది, నీళ్లలోది 18 దాటింది. రెంటికీ తేడా కిరసనాయిలు గొట్టంలోని గీతలో సగానికి మించితే ఆ నేలను నమ్మకూడదని వాళ్ల లెక్క. ఆ గొట్టాలు గుడి ఆఫీసులో పెట్టాం, వచ్చి చూడండి.

ఉత్తరం వైపే ఎందుకు ఎక్కువ లేచిందని చాలామంది అడిగారు. మాకూ మొదట తట్టలేదు. గోడ పక్కన తవ్వి చూశాక అర్థమైంది. సోమసూత్రం నుంచి వచ్చే అభిషేకం నీళ్లు రోజూ అక్కడే భూమిలోకి ఇంకుతున్నాయి. ఆ చోట మట్టి ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది, నాలుగు అడుగుల అవతల ఎండిపోయి కుంగి ఉంటుంది. అందుకే ఈసారి మొదటి పని బండలది కాదు, కాలువది. ఆ తీర్థాన్ని తూము ద్వారా మారేడు చెట్టు, పూలతోట వైపు మళ్లిస్తాం. ప్రదక్షిణలో సోమసూత్రం దాటకుండా వెనక్కి తిరిగే పద్ధతికి ఏ ఇబ్బందీ రాదు, అర్చక స్వామితో మాట్లాడాం.

తర్వాత గుడి చుట్టూ ఉన్న 2400 చదరపు అడుగుల్లో అడుగున్నర లోతు రేగడి తీసేస్తాం. గోడకు మూడు అడుగుల లోపు జేసీబీ రాదు. పాత పునాది కదలకుండా అక్కడ గడ్డపార, పారలతోనే, ముక్కలు ముక్కలుగా తవ్వాలి. అడుగున మిగిలిన నల్లమట్టిలో ఆరు అంగుళాల మందాన పిడుగురాళ్ల సున్నం కలిపి తొక్కిస్తాం. నూటికి నాలుగు పాళ్ల లెక్కన సుమారు 2 టన్నులు పడుతుంది. సున్నం కలిస్తే రేగడి పొంగు చాలావరకు తగ్గుతుంది.

దాని మీద అడుగు మందాన ఎర్ర గ్రావెల్. ఇక్కడే అందరూ మోసపోయేది. మొత్తం ఒకేసారి పోసి పైన రోలరు తిప్పితే పై నాలుగు అంగుళాలే బిగుస్తాయి, కింద గుల్లగానే ఉంటుంది. ఆరేసి అంగుళాల చొప్పున రెండు వరసలుగా పోసి, తడిపి, దేనికదే రోలరుతో బిగించాలి. తడి కూడా లెక్కే. గ్రావెల్ గుప్పిట పట్టి పిండితే ఉండ కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. రోలరు పోని మూలల్లో దిమ్మిసే (చేత్తో ఎత్తి నేలను కొట్టి బిగించే బరువు) గతి. బిగిశాక తగ్గుతుంది కాబట్టి 32 ట్రక్కులు తోలాలి (ట్రక్కు 100 ఘనపుటడుగులు అనుకుంటే).

ఆపైన నాలుగు అంగుళాల కాంక్రీటు బెడ్, దాని మీద నాపరాళ్లు. నీళ్లు నిలవకుండా గోడ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం వాటం (వాలు). రసమట్టం పెట్టి చూసుకునే పని కమిటీలో ఇద్దరికి అప్పజెప్పాం. విరగని పాత బండలు మళ్లీ వాడతాం.

రేట్లు నెల నెలా మారుతున్నాయి కాబట్టి మీ ముందు డబ్బు లెక్క కాకుండా సామాను లెక్కే పెడుతున్నాం. సున్నం 2 టన్నులు, గ్రావెల్ 32 ట్రక్కులు, 40 ఎంఎం కంకర ఏడున్నర యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు), ఇసుక 7 నుంచి 8 యూనిట్లు, సిమెంటు 125 బస్తాలు. ఒకరు ఒక బస్తా ఇవ్వండి, నలుగురు కలిసి ఒక ట్రక్కు తోలించండి. మిర్చి కోతలైపోయి యార్డుకు సరుకు చేరాక ట్రాక్టర్లు ఖాళీగానే ఉంటాయి, ఒక్క రోజు గుడికి కేటాయించండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ముఖద్వారానికో, గంటకో, వెండి తొడుగుకో అడిగితే విరాళం తొందరగా వస్తుంది. కంటికి కనపడుతుంది, పేరు ఉంటుంది. ఈసారి మీరిచ్చేది భూమిలోకి పోతుంది. బండల మీద పేర్లు చెక్కించం. పేర్లమీద అందరూ నడవడం మాకు ముందునుంచీ ఇబ్బందిగానే ఉండేది. దాతల పేర్లన్నీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, మండపం గోడకు ఒకే పలక మీద రాయిస్తాం.

అమెరికాలో డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇళ్లు కొన్న మనవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. అక్కడా ఉబ్బి కుంగే నల్ల బంకమట్టే. ఎండాకాలం పునాది చుట్టూ గొట్టాలేసి నీళ్లు పెట్టుకునే బాధ వాళ్లకు తెలుసు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం తీసుకోలేం, విదేశీ విరాళాల చట్టం కింద మన కమిటీకి రిజిస్ట్రేషన్ లేదు. ఏమీ అనుకోకండి, వచ్చినప్పుడు ఒక పూట దిమ్మిస పట్టండి చాలు.

బ్యాంకు ఖాతా వివరాలు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి. రశీదు లేకుండా ఎవరి చేతికీ రూపాయి ఇవ్వకండి, కమిటీ సభ్యులమైనా సరే. వచ్చినది, ఖర్చయినది ప్రతి సోమవారం అదే బోర్డు మీద పెడతాం.

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి వచ్చాక, శివరాత్రి తర్వాతి సోమవారం తవ్వకం మొదలవుతుంది. మృగశిర కార్తె లోపు బండలు పడిపోవాలి, తడిసిన రేగడిలో రోలరు దిగబడుతుంది. మొదటి రోజు పొద్దున ఆరింటికి రండి. పారలు, తట్టలు మా దగ్గర ఉన్నాయి. దిమ్మిసలు రెండే ఉన్నాయి, ఇంట్లో పాతవి ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

ఇట్లు,
శివాలయ కమిటీ