మనిషిలా లేని మనిషి బొమ్మ

ఒరేయ్ శీనూ,

"మనిషి బొమ్మంటే కన్నూ ముక్కూ ఉండాలిరా. ఈ వంకర టింకర లోహపు ముక్కల్ని చూసి ఏం అర్థం చేసుకోవాలి?" అన్నావుగా మొన్న ఫోన్లో. నాయకుల విగ్రహాలు అచ్చుగుద్దినట్టు తయారుచేసే తెనాలి నీది, అలా అనడంలో వింతేం లేదు. కానీ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఉంటూ ఈ బొమ్మ సంగతి నీకు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. తీరిగ్గా టీ పెట్టుకుని చదువు.

దాని పేరు 'ధ్వంసమైన నగరం'. లూవెహావెన్ అనే పాత రేవు ఒడ్డున, ఓడల మ్యూజియం దగ్గర ఉంటుంది. 6 మీటర్లు దాటిన కంచు మనిషి. తల వెనక్కి విరుచుకుపోయింది, చేతులు రెండూ పైకి లేచాయి, మోకాళ్లు కుంగిపోతున్నాయి. ఒంట్లో నునుపైన చోటు దాదాపు లేదు, అంతా పలకలూ అంచులే. ఇక ఛాతీ కింద, పొట్ట ఉండాల్సిన చోట ఏమీ లేదురా. పెద్ద కన్నం. కింద నిలబడి తలెత్తితే అందులోంచి మబ్బులు కదులుతూ కనిపిస్తాయి.

1940 మే 14 మధ్యాహ్నం జర్మన్ విమానాలు ఈ ఊరిమీద బాంబులు కురిపించాయి. పట్టుమని పావుగంట. మిగతా పని మంటలు చేశాయి. వందల మంది పోయారు, 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. మంటలు ఎందాకా వచ్చాయో ఆ గీత వెంబడి ఇప్పటికీ నేలలో లైట్లు పొదిగి ఉంటాయి, ఆఫీసుకెళ్లే దారిలో వాటిని దాటుకునే వెళ్తాను.

యుద్ధం అయ్యాక ఓసిప్ జాడ్కిన్ అనే శిల్పి రైల్లో వెళ్తూ, నడిబొడ్డు మాయమైన ఈ ఊరిని కిటికీలోంచి చూశాడు. ఇప్పటి బెలారస్‌లో ఉన్న విటెబ్‌స్క్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ మనిషి. మొదటి ప్రపంచయుద్ధంలో స్ట్రెచర్లు మోశాడు. రెండోది వచ్చేసరికి, యూదు మూలాలున్నవాడు కదా, అమెరికా పారిపోవాల్సొచ్చింది. అలాంటివాడు ఇది చూసి ఊరికే ఎలా ఉంటాడు? ముందు మట్టితో చిన్న నమూనా చేశాడు. 1953 మేలో ఈ పెద్ద కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. డబ్బు పెట్టింది బైయెన్‌కోర్ఫ్ అనే పెద్ద దుకాణం వాళ్లు. ఆ బాంబుల్లో వాళ్ల భవనమూ చాలావరకు పోయింది. అయినా తమ పేరు బయటికి రానివ్వొద్దన్నారు, నాకు భలే నచ్చింది ఆ పద్ధతి.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. అచ్చం మనిషిలాగే చెక్కి, కండా చర్మమూ చూపించి, పొట్టలో ఇంత కన్నం పెట్టుంటే నువ్వూ నేనూ నిలబడి చూడగలమా? ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకునేవాళ్లం. జాడ్కిన్ రక్తం చూపించలేదు, గాయం చూపించలేదు. కన్నం అంచుల్ని కూడా మిగతా ఒంటి లాగే పలకలుగా తీర్చాడు. అందుకే అక్కడ ఎంతసేపైనా నిలబడి, ఏం పోయిందో చూడగలుగుతున్నాం.

చేతుల సంగతి చెప్పాలి. ముందు నుంచి చూస్తే పైనుంచి పడేదాన్ని అరచేతులతో ఆపుతున్నట్టుంటుంది. పక్కకి జరిగితే అవే చేతులు కేకలా అనిపిస్తాయి. పక్కనే కొమ్మలు తెగిన చెట్టు మోడు ఒకటుంది, దాని అండతోనే నిలబడ్డాడు. కాళ్లు కుంగాయి గానీ పడిపోలేదురా, గమనించు.

నాలుగు వైపుల నుంచీ తీసిన ఫోటోలు పంపుతున్నా. మొదటిదొక్కటే చూసి తీర్పు చెప్పేయకు, అన్నీ చూశాకే రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ వివరంగా తిట్టు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రవి