వేడి ఎక్కడ ఆగిపోతున్నదో చూడు

కడప,
మే నెల, ఆదివారం రాత్రి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్ననే అందింది. లిక్విడ్ కూలర్ (ప్రాసెసరు వేడిని పంపుతో తిరిగే ద్రవం గొట్టాల గుండా ఫ్యాన్లున్న రేడియేటరుకు మోసుకుపోయే పరికరం) పెట్టించుకున్నా నీ కంప్యూటరు ప్రాసెసరు 95 డిగ్రీలకు పోతున్నదనీ, అనంతపురం ఎండలకు ఇంతేనని దుకాణంలో చెప్పి పంపించారనీ రాశావు. పోయిన వేసవిలో ఇక్కడ నాకూ అదే మాట చెప్పారు. దాన్ని నమ్మి నెల రోజులు అవస్థపడ్డాను కాబట్టి, నీకు ఆ అవస్థ రాకూడదని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఎండకు ఇందులో పాత్ర లేదని అనను. రేడియేటరు చల్లబడేది గదిలోని గాలితోనే కాబట్టి, గది 38 డిగ్రీలుంటే లోపలి ద్రవం అంతకంటె చల్లగా ఉండడం సాధ్యం కాదు. గది ఎంత వేడెక్కితే ప్రాసెసరు కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. మా మిద్దె మీది గదిలో జనవరిలో 68 దగ్గర నిలిచేది మేలో 80 దాటితే ఒప్పుకోవచ్చు. కానీ నాది పెళ్ళి వీడియో రెండరింగు, అంటే కూర్చిన వీడియోను తుది ఫైలుగా తయారుచేసే పని, మొదలుపెట్టగానే 95కు ఎగబాకి, తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని నాలుగున్నర గిగాహెర్ట్జ్ నుంచి మూడు కంటే కిందికి దించుకునేది. ముహూర్తాల కాలంలో, రెండు కుటుంబాల వాళ్ళు వీడియో కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఆ తెర ముందు కూర్చోవడం ఎంత బాధగా ఉంటుందో నీకు చెప్పనక్కర లేదు.

మొదట దుమ్మును అనుమానించాను. మా వైపు బండలు కోసే, పాలిష్ పట్టే చోట్ల నుంచి వచ్చే సన్నని బూడిదరంగు పొడి సంగతి నీకు తెలుసు. ఫ్యాన్లు విప్పి చూస్తే రేడియేటరు రేకుల సందుల్లో అది కంబళి ముక్కలాగా అల్లుకుపోయి ఉన్నది. మెత్తని కుంచెతో, బ్లోయరుతో గంటసేపు శుభ్రం చేస్తే నాలుగు డిగ్రీలు తగ్గింది. తరువాత ప్రాసెసరుకూ కూలర్ పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చి, స్క్రూలను ఒక మూల తరువాత దాని ఎదురు మూల చొప్పున కొద్దికొద్దిగా బిగించాను. ఇంకో రెండు డిగ్రీలు తగ్గింది. రెండూ చేయవలసిన పనులే, కానీ అసలు జబ్బు అక్కడ లేదు.

అసలు సంగతిని పట్టించింది గడియారం. ఒక రాత్రి రెండరింగు మొదలుపెట్టి సెకన్లు లెక్కపెడితే, పది సెకన్లు నిండకముందే దాదాపు 90కి చేరింది. నీరు అంత తొందరగా వేడెక్కదు. అన్నానికి ఎసరు పెట్టినప్పుడు చూడు, మంట ఎంత పెద్దదైనా కాగడానికి దాని సమయం అది తీసుకుంటుంది. కూలర్ సక్రమంగా పనిచేస్తుంటే ప్రాసెసరు మొదట కొంత ఎగిరినా, ఆపైన ద్రవం వేడెక్కేకొద్దీ పది ఇరవై నిమిషాలపాటు మెల్లగా పెరిగి ఒకచోట నిలవాలి. సెకన్లలోనే కొసకు చేరిందంటే ప్రాసెసరు వేడి ద్రవంలోకి చేరడం లేదని, లేదా చేరినా ఆ ద్రవం అక్కడి నుంచి కదలడం లేదని అర్థం.

వెంటనే క్యాబినెట్ పక్క రేకు తీసి రెండు గొట్టాలనూ వేళ్ళతో పట్టుకుని చూశాను. ద్రవం బాగా తిరుగుతున్నప్పుడు రెండూ ఇంచుమించు ఒకే వెచ్చదనంతో ఉంటాయి. నాకు ఒకటి చురుక్కుమన్నది, రెండోది చల్లగా ఉన్నది, రేడియేటరు నుంచి వచ్చే గాలిలోనూ వేడి లేదు. బయాస్‌లోకి, అంటే కంప్యూటరు ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల తెరలోకి, వెళ్ళి చూస్తే నిమిషానికి 2,800 చుట్లు తిరగవలసిన పంపు 900 దగ్గర ఈడ్చుకుంటున్నది. కంప్యూటరు అమర్చినవాళ్ళు పంపు తీగను క్యాబినెట్ ఫ్యాను పిన్నులకు తగిలించారు. అక్కడ మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) చప్పుడు తగ్గించడానికి వోల్టేజిని తగ్గిస్తుంది. ఫ్యానుకు అది మంచిదే, పంపుకు మాత్రం ఊపిరి బిగబట్టినట్టే. తీగను పంపు కోసం కేటాయించిన పిన్నులకు మార్చి, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేటట్టు పెట్టాను. ఆ రాత్రే అదే వీడియో అరగంట నడిచినా 81 దాటలేదు. సంతోషం పట్టలేక మా ఆవిడను నిద్ర లేపి మరీ చూపించాను.

నీ క్యాబినెట్‌లో రేడియేటరు ఎక్కడ బిగించారో కూడా చూడు. ఈ కూలర్లలో మొదటి నుంచీ కొంచెం గాలి ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల గోడల గుండా ద్రవం ఆవిరై ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎత్తయిన చోటికే చేరుతుంది కాబట్టి రేడియేటరు పైభాగం పంపు కంటె ఎత్తులో ఉండాలి. పంపే ఎత్తులో ఉంటే గాలి దానిలోనే చిక్కుకుని గలగలమంటుంది, పంపు పాడవుతుంది. అడుగున బిగించి ఉంటే నిర్మొహమాటంగా మార్చమని చెప్పు.

కరెంటు పక్కన నీళ్ళేమిటని అమ్మ భయపడుతున్నారని రాశావు. 1980లో ఐ.బి.ఎం. ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటరును కూడా నీళ్ళతోనే చల్లబరిచారని ఆమెకు చెప్పు. అయితే నెలకొకసారి గొట్టాల అతుకుల దగ్గర తడి ఉన్నదేమో తడిమి చూసుకోవడం మంచిది. ద్రవం తగ్గిందని ఎవరైనా చెప్పినా బోరు నీళ్ళు మాత్రం పోయనివ్వకు. మన నీళ్ళు గీజరు రాడ్డు మీద తెల్లని పెచ్చు కట్టడం చూస్తూనే ఉన్నాం. ప్రాసెసరు మీది రాగి పలకలో ఉండే సన్నని గాడులు వెంట్రుకల్లాంటివి, ఆ పెచ్చుకు అవి తట్టుకోలేవు.

పేస్టు జోలికి పోకముందే రేపు ఈ మూడూ చూడు: 95కు ఎన్ని సెకన్లలో చేరుతున్నది, రెండు గొట్టాల్లో వెచ్చదనం ఎలా ఉన్నది, బయాస్‌లో పంపు ఎన్ని చుట్లు తిరుగుతున్నది. పంపు వేగం సరిగానే ఉండి ఒక గొట్టం మాత్రం చల్లగా ఉంటే లోపల ఏదో అడ్డుపడి ఉండవచ్చు, అప్పుడు వారంటీ కాగితం వెదికి పెట్టుకో. రెండు గొట్టాలూ సమానంగా గోరువెచ్చగా ఉండి ప్రాసెసరు మాత్రమే మండుతుంటే, పలక కింది ప్లాస్టిక్ పొర తీశారో లేదో అడుగు. అది తీయకుండా బిగించేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ మూడు సంగతులూ రాసి పంపు. వచ్చే ఆదివారం నాకు పెళ్ళి పనేమీ లేదు, కావలసి వస్తే పొద్దున బస్సుకే స్క్రూడ్రైవర్లు, మిగిలిన పేస్టు ట్యూబు తీసుకుని వస్తాను.

నీ
మిత్రుడు