ట్రంకుపెట్టెలో దొరికిన చీటీ

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం మాత్రం నీ నోట కాక చిన్నత్త నోట వినవలసి వచ్చింది. పదకొండు రోజులుగా నీ ఫోను రాకపోతే, డ్యూటీలు ఎక్కువై ఉంటాయని అమ్మకు నేనే సర్దిచెబుతూ వచ్చాను. మొన్న చిన్నత్త ఫోన్ చేసి, "పిల్లకు ఆపరేషనట గదా, మీరెప్పుడు బయలుదేరుతున్నారు?" అని అడిగితే, మాకు తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి, "టికెట్లు చూస్తున్నాం" అనేశాను. ఆ తరువాత నేను అడిగితే గాని నువ్వు బయటపడలేదు. "పిత్తాశయంలో రాళ్ళు నాన్నా, నాలుగు చిన్న రంధ్రాలు చేసి తీసేస్తారు, కంగారు పడతారనే చెప్పలేదు" అన్నావు. నేను కంగారు పడే మనిషిని కాను. ఆ సంగతి అలా ఉంచు.

నాలుగు రోజులుగా పాత ట్రంకుపెట్టె సర్దుతున్నాను. అందులో దేనికోసం వెతికానో తరువాత వ్రాస్తాను.

మత్తుమందు విభాగంలో రెండో ఏడు పీజీవి గనుక నీకు నేను చెప్పగలిగింది లేదని నాకు తెలుసు. అయినా ఒక్క మాట అడుగుతాను. ఆపరేషనుకు ముందు చేయవలసిన పరీక్షకు నువ్వు అందరిలాగే చీటీ తీసుకుని, వరుసలో కూర్చుని, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పావా, లేక డ్యూటీ గదిలో నిలబడే ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్నావా? "నీకు తెలియనిదేముంది, నువ్వే నింపేసుకో" అని నీ సీనియరు అని ఉంటారని నా అనుమానం. డాక్టరుకు వైద్యం చేసేటప్పుడు సాటి డాక్టర్లకు మొహమాటం అడ్డువస్తుంది. మామూలు రోగినైతే నాలుగుసార్లు అడిగే సంగతిని, నిన్ను అడిగితే నువ్వేమనుకుంటావో అని ఒక్కసారి కూడా అడగకుండా వదిలేస్తారు. రోజూ బల్లకు తలవైపు నిలబడే దానివి ఈసారి ఆ బల్ల మీదే పడుకుంటున్నావు. పడుకున్నాక మానిటరు వైపు మెడ తిప్పి వాళ్ళకు సలహాలు ఇవ్వవద్దు.

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో నువ్వు ఎంతో సంబరంగా చెప్పిన రొగోజోవ్ కథ నాకు ఇంకా గుర్తుంది. 1961 ఏప్రిల్ 30న అంటార్కిటికాలోని సోవియట్ కేంద్రంలో, 27 ఏళ్ళ ఆ వైద్యుడు తన అపెండిక్స్‌ను తానే కోసి తీసుకున్నాడు. ఒకరు అద్దం పట్టుకుంటే, ఇంకొకరు పనిముట్లు అందిస్తే, అద్దంలో అంతా కుడిఎడమలుగా కనబడుతున్నదని చేతి తడుముడునే ఎక్కువగా నమ్ముకుని, గంటా ముప్పావు సేపు చేశాడని చెప్పావు. అప్పుడు నేను కూడా ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క డాక్టరు ఆయనే కావడం వల్ల, మరో దారి లేక ఆ పని చేశాడు. నీకు ఆసుపత్రి నిండా డాక్టర్లున్నారు. రెండు వారాల్లో ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాడని నాకు చెప్పబోకు. నీ సెలవు నీకు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, పూర్తిగా వాడుకో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన జాబితా గురించి కూడా నువ్వే చెప్పావు. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటకు పంపే ముందు ఒకసారి, మొత్తం 19 అంశాలు పైకి చదివి సరిచూసుకోవాలన్నావు. మంచి పద్ధతి. అయితే ఎంత మంచి జాబితా అయినా రోగికే తెలియని సంగతిని బయటపెట్టలేదు గదా. నేను ఇంతసేపూ దాటవేస్తున్నది ఆ సంగతినే.

బాబాయి రాత్రిళ్ళు దీపం ఎందుకు ఆర్పనివ్వడో నీకూ అన్నయ్యకూ ఎవరూ చెప్పలేదు. మీరిద్దరూ చిన్నప్పుడు స్విచ్చి కట్టేసి పారిపోయి నవ్వుకునేవారు. నువ్వు పుట్టక ముందు, బాబాయికి ఇరవై రెండేళ్ళప్పుడు, అపెండిక్స్ అని రాత్రికి రాత్రి ఆపరేషనుకు తీసుకువెళ్ళాం. ఎనిమిదింటికి లోపలికి తీసుకువెళ్ళారు. తొమ్మిది కాకముందే కుట్లు వేయడం అయిపోయిందని సర్జను బయటకు వచ్చి చెప్పి వెళ్ళిపోయారు. తాతయ్య అక్కడే బెంచీ మీద కళ్ళు మూసుకున్నారు. పదయింది, బాబాయిని బయటకు తీసుకురాలేదు. ఆ తలుపుకు అరచేయంత గుండ్రటి అద్దం ఉండేది. అందులోంచి చూస్తే బాబాయి ముఖం కనబడలేదు గాని, నల్లటి రబ్బరు సంచిని నొక్కుతున్న ఒక చెయ్యి కనబడింది. గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకున్న చెయ్యి అది. నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. నేను లెక్కపెట్టాను, నిమిషానికి పన్నెండు. కాసేపటికి గాజులున్న చెయ్యి వచ్చింది, దాని తరువాత మళ్ళీ గడియారం చెయ్యి. సంచి మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. అది ఆగితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దాదాపు ఒంటిగంటకు బాబాయి తనంతట తాను ఊపిరి తీశాడు.

ఆ రాత్రి కొంతసేపు తనకు అన్నీ వినబడుతూనే ఉన్నాయని, కనురెప్ప ఎత్తుదామంటే కూడా శరీరం మాట వినలేదని బాబాయి నాకు ఒక్కడికే చెప్పాడు. ఇంటికి పంపేటప్పుడు, ఇకపై ఏ ఆపరేషనైనా ముందుగా ఇది చూపించాలని, రక్తసంబంధీకులు కూడా పరీక్ష చేయించుకోవాలని ఒక చీటీ వ్రాసి ఇచ్చారు. వంశంలో ఏదో లోపం ఉందని నలుగురికీ తెలిస్తే అత్తల పెళ్ళిళ్ళు ఆగిపోతాయని నానమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. తాతయ్య చీటీని పెట్టెలో వేసి తాళం పెట్టారు.

నీకు ఆ విభాగంలో సీటు వచ్చిన రోజే నేను చెప్పవలసింది. పోయిన సెలవుల్లో నువ్వు వచ్చినప్పుడు, కండరాలను సడలించే ఒక మందు గురించి చెప్పావు. నిమిషాల్లో దిగిపోవలసింది ఒక రోగిలో గంటల తరబడి దిగలేదని, రక్తంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపించడమే కారణమని, అది వంశంలో వస్తుందని నువ్వు అమ్మకు వివరిస్తుంటే నేను మధ్యలో లేచి వెళ్ళాను. మోటారు కట్టడానికి వెళ్ళానని నువ్వు అనుకున్నావు. మోటారు అప్పటికే కట్టేసి ఉంది. పెరట్లో నిలబడి, లోపలికి వచ్చి చెబుదామా అని ఆలోచించి, చెప్పకుండానే ఉండిపోయాను. అందుకే, ఆపరేషను సంగతి నువ్వు నా దగ్గర దాచావని నిన్ను గట్టిగా అడిగే మొహం నాకు లేదు.

చీటీ మీద ఉన్నది నువ్వు చెప్పిన ఆ మందు పేరే, సక్సినైల్‌కోలిన్. ఈ రోజుల్లో దాన్ని అందరికీ వాడరని నువ్వు అంటావు. కాని హడావిడి పడితే ముందు చేతికి అందేది అదేనని అన్నది కూడా నువ్వే. కాబట్టి నీకు మత్తు ఇవ్వబోయే డాక్టరుకు నువ్వే స్వయంగా, నవ్వులాటగా కాకుండా, బాబాయి సంగతి మొత్తం చెప్పి, నీ కేసు షీటు మీద వ్రాయించు. రక్తపరీక్ష చేయించాలంటే చేయించు. దాని కోసం ఆపరేషను నాలుగు రోజులు వెనక్కి జరిగినా ఫరవాలేదు. నేను కూడా రేపే రక్తం ఇవ్వడానికి వెళుతున్నాను.

ఆహారానికి 6 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు అని నువ్వు ఇతరులకు చెప్పే లెక్కను నువ్వూ పాటించు. పరగడుపున ఉండడం మంచిదే గదా అని ముందురోజు మధ్యాహ్నం నుంచే మాడవద్దు. గోళ్ళ రంగు తీసెయ్యి. కళ్ళజోడు పెట్టె మీద పేరు వ్రాసుకో, నీకు ఎక్కడపడితే అక్కడ పెట్టే అలవాటుంది. పొట్టలో గ్యాసు నింపుతారు గనుక తరువాత భుజం నొప్పి పెడుతుందట, అమ్మకు ముందే చెప్పు, లేకపోతే గుండె అనుకుని హడలిపోతుంది. అమ్మ బుధవారం పొద్దున్నకు అక్కడ ఉంటుంది. వద్దని ఫోన్ చేయకు, నేను ఎత్తను.

ఈ ఉత్తరం అన్నయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఇంకెవరికీ ఇవ్వకుండా నీ చేతిలోనే పెట్టమన్నాను. చదవగానే ఫోన్ చెయ్యి, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే. చీటీ ఇందులోనే ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది, విప్పేటప్పుడు జాగ్రత్త.

నాన్న