కువైట్‌లో ఉన్న ఆ తమ్ముడికి

నిన్న సాయంత్రం మా ముగ్గురి పాస్‌పోర్టులూ వీసాలతో ఇంటికొచ్చాయి. కెనడా పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. మొదలుపెట్టి రెండేళ్ళ నాలుగు నెలలు. రాత్రంతా నిద్ర లేదు, పొద్దున డ్యూటీకి వెళ్ళొచ్చి ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. రేపటికి వాయిదా వేస్తే ఇంత ధైర్యంగా రాయలేనేమో.

మా ఆయన, అమ్మ, అత్తమ్మ, బాబుని చూసుకున్న ఆడపడుచు, వీళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు, చేశారు. నేను చెప్పాల్సింది ఇప్పటిదాకా ఎదురుగా చూడని ఒక మనిషి గురించి.

నేను నర్సుని. 2017 నుంచి 2020 దాకా కువైట్‌లో చేశాను, తర్వాత హైదరాబాద్. పాయింట్లు చూసి పీఆర్‌కి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ వేసినవాళ్ళకి తెలుసు, 29 దాటాక ప్రతి పుట్టినరోజుకీ పాయింట్లు తగ్గుతూ పోతాయి. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్ 8, మిగతా మూడూ 7 వస్తే కెనడా వాళ్ళ భాషా కొలతలో సీఎల్‌బీ 9 అవుతుంది, రైటింగ్ దగ్గర నాకు రెండుసార్లు ఆరున్నరే వచ్చింది. చివరికి వైద్యరంగం వాళ్ళకి విడిగా తీసే హెల్త్‌కేర్ కేటగిరీ డ్రాలో ఐటీఏ, అంటే దరఖాస్తు చేసుకోమని పిలుపు, వచ్చింది. అక్కడి నుంచి 60 రోజుల్లో కాగితాలన్నీ పెట్టేయాలి. గత పదేళ్ళలో ఏ దేశంలోనైనా వరుసగా ఆరు నెలలు ఉంటే అక్కడి పోలీస్ సర్టిఫికెట్ (పీసీసీ) అడుగుతారు. నా దగ్గర కువైట్ పీసీసీ ఉందిలే అని ధీమాగా ఉన్నాను, వచ్చేసేముందు ముందుచూపుతో తీసిపెట్టుకున్నదే. అది చెల్లదట. ఆ దేశం వదిలాక ఇచ్చినదై ఉండాలట! ఈ సంగతి తెలిసేసరికి పన్నెండు రోజులు పోయాయి.

మా దగ్గర లక్షా ఎనభై వేలు తీసుకున్న కన్సల్టెన్సీ వాళ్ళు, మొదటిరోజే ఆ పాత పీసీసీ చూసి "ఓకే మేడం" అని ఫైల్లో పెట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు "గల్ఫ్ పీసీసీ మా ప్యాకేజీలో రాదు" అన్నారు. పెద్దవాళ్ళకి మనిషికి 1,525 కెనడా డాలర్లు అక్కడి ప్రభుత్వానికి మేమే కట్టాం, ఫారాలు మేమే నింపాం, మరి వాళ్ళు చేసింది ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. దయచేసి డబ్బు కట్టేముందు ఏమేం చేస్తారో కాగితం మీద రాయించుకోండి.

కొత్త పీసీసీ కోసం కువైట్‌లో మన తరఫున ఎవరో ఒకరు తిరగాలి. నా బదులు పని చేయడానికి వాళ్ళకి అధికారమిస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, దాని మీద నోటరీ, రాష్ట్రం, ఢిల్లీలో విదేశాంగ శాఖ, ఆపైన కువైట్ ఎంబసీ ముద్రలు వేయించాలి, చాలా దేశాలకి చాలే అపోస్టిల్ ముద్ర ఒక్కటీ సరిపోదు. నా పాత స్నేహితులంతా అక్కడి నుంచి ఎప్పుడో వెళ్ళిపోయారు. మా పెదనాన్న కొడుకు నా వాయిస్ మెసేజ్‌ని రాజంపేట వాళ్ళ గ్రూపుల్లో వేశాడు. ఆ రాత్రి పదకొండింటికి ఫోన్. "మేడం, మీ కాగితాలు నాకు పంపీండి, నేను పోతా."

ఆయన ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్, ఖాదిం వీసా (ఇంటిపనివాళ్ళకి ఇచ్చేది) మీద ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, తెలిస్తే మాట పడాలని. పొద్దున పిల్లల్ని బళ్ళో దింపి, మళ్ళీ తీసుకురావడానికి మధ్యలో ఉండే నాలుగు గంటల్లోనే ఆయన ఆఫీసులకి తిరిగాడు. సొంత పనికి కఫీల్ కారు వాడకూడదని బస్సులో వెళ్ళాడు. ఆ ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు, హాస్టల్ నుంచి బస్సుదాకా నడిచే అయిదు నిమిషాలకే కళ్ళు తిరిగేవి. మొదటిసారి వెళ్తే మా నాన్న పేరు స్పెల్లింగు పవర్ ఆఫ్ అటార్నీలో ఒకలా, నా పాత సివిల్ ఐడీలో (కువైట్ గుర్తింపు కార్డులో) ఒకలా ఉందని తిప్పి పంపారు. నేను ఫోన్లో ఏడ్చేశాను. "కాగితం యాడికి పోతాదిలేక్కా, రేపు మళ్ళీ పోతా" అన్నాడు. మేడం పోయి అక్క అయింది ఆరోజే. మూడోసారికి పని అయింది. 52వ రోజున పీసీసీ నా చేతికొచ్చింది. రాకపోతే, ప్రయత్నించామని రుజువులతో లెటర్ పెట్టొచ్చు గానీ, ఒప్పుకోవడం మానడం ఆఫీసర్ ఇష్టం.

ఎంత అయిందో చెప్పు తమ్ముడూ, ఇంటికి పంపిస్తానంటే చెప్పలేదు. సరే, ఊరికెప్పుడు వస్తావ్, మా ఇంటికి రావాలి అన్నాను. కాసేపు ఆగి, నాలుగేళ్ళయిందక్కా పోయి, పాస్‌పోర్టు కఫీల్ కాడ ఉంది, అడిగినప్పుడల్లా రంజాన్ అయినాక చూద్దాం అంటాడు, అన్నాడు. ఎనిమిది నెలల పాపని వదిలి వెళ్ళాడట, ఆ పాపని ఈ జూన్‌లో బళ్ళో వేశారు. అలా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివాళ్ళ చట్టంలోనే ఉంది. ఉంటే ఏం? నేను అక్కడి నుంచి వచ్చేశాక ఇచ్చినదై ఉండాల్సిన ఆ కాగితం కోసం మూడు రోజులు తిరిగిన మనిషి, తను మాత్రం అక్కడి నుంచి కదల్లేడు. నాకది విన్నాక మాట రాలేదు, డ్యూటీ రూములో తలుపేసుకుని కూర్చున్నాను.

తను అడిగింది ఒక్కటే, "వీసా వచ్చినాక ఫొటో పెట్టక్కా, చూస్తా." నిన్న అందరికంటే ముందు తనకే పంపాను. వెంటనే ఫోన్ చేసి నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

ఈ ఆదివారం రాజంపేట వెళ్తున్నాను, వాళ్ళమ్మనీ పాపనీ చూడటానికి. డబ్బు ఇస్తే ఆమె తీసుకోదని ఆయన ముందే చెప్పాడు, పాపకి బట్టలూ పుస్తకాలూ కొన్నాను. ఆయన ఇండియన్ ఎంబసీలో ఫిర్యాదు పెట్టడానికి ఒప్పుకుంటే దగ్గరుండి రాసిపెడతాను. కువైట్‌లో ఇలా పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఏం చేశారో నాకు చెప్పండి, బతిమాలుతున్నాను.

అయ్యో, మా పాత వార్డు ఇన్‌ఛార్జి మలయాళీ సిస్టర్‌ని మరిచేపోయాను, వారానికి ఎన్ని గంటలు, ఏమేం పనులు అన్నీ రాయించి ఎక్స్‌పీరియన్స్ లెటర్ పంపింది ఆవిడే. నా నైట్ డ్యూటీలు తీసుకున్న ముగ్గురు నర్సు పిల్లలకీ థాంక్స్. ఢిల్లీలో ఎంబసీ బయట నా ఫైలు పట్టుకుని వరసలో నిలబడ్డ మా ఆయన ఫ్రెండ్‌కి. స్కాన్లు బాగా రాలేదని రాత్రి షాపు మూసేసి కూడా మళ్ళీ తెరిచిన జిరాక్స్ అన్నకి కూడా.