తుపాకులు ఆగకముందే సంతకాలు అయిపోతాయి

సంపాదకులకు,

యుద్ధాల గురించి మీ పత్రికలో వస్తున్న వ్యాసాలు వదలకుండా చదువుతున్నాను. ఎవరి దగ్గర ఎన్ని క్షిపణులున్నాయి, ఏ పట్టణం ఎవరి చేతికి చిక్కింది, చివరికి ఎవరు నెగ్గుతారు - అన్నీ ఉంటున్నాయి. పెద్ద యుద్ధం తర్వాత ప్రపంచం ఎలా మారుతుందన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మాత్రం, అదంతా యుద్ధం ముగిశాక తీరిగ్గా తేలే సంగతన్నట్టు రాస్తున్నారు. చరిత్ర అలా నడవలేదు. రాబోయే ప్రపంచం తాలూకు కాగితాలు చాలావరకు యుద్ధం సాగుతుండగానే తయారైపోతాయి. జనం తేరుకుని చూసేసరికి సంతకాలు కూడా అయిపోయి ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జులై సంగతి చూడండి. ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఇంకా హోరాహోరీగా పోరు సాగుతోంది. అప్పుడే అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో ఒక హోటల్లో 44 దేశాల ప్రతినిధులు మూడు వారాల పాటు కూర్చున్నారు. అంతర్జాతీయ ద్రవ్య నిధికి, ప్రపంచ బ్యాంకుకు పునాది పడింది అక్కడే. ఔన్సు బంగారం 35 డాలర్లన్న లెక్క మీద మిగతా కరెన్సీలను డాలరుకు ముడివేశారు. అంతర్జాతీయ లెక్కలకు ఏ ఒక్క దేశానికీ చెందని ఉమ్మడి కరెన్సీ ఉండాలన్నది బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్ ముందునుంచీ చెబుతూ వచ్చిన ప్రతిపాదన. అది నెగ్గలేదు. వాదనలో పస లేక కాదు, అమెరికా సాయం లేనిదే బ్రిటన్‌కు పూట గడవని రోజులవి. 1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ బంగారం ముడిని తెంచేశాడు. డాలరు పెత్తనం మాత్రం పోలేదు.

అదే 1944 అక్టోబరులో మాస్కోలో జరిగింది ఇంకా విడ్డూరం. రుమేనియాలో రష్యాకు 90 శాతం పలుకుబడి, గ్రీసులో బ్రిటన్‌కు 90 శాతం, యుగోస్లావియాలో చెరి సగం అంటూ బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఓ కాగితం ముక్క మీద రాసి సోవియట్ నాయకుడు స్టాలిన్ ముందుకు జరిపాడు. ఆయన నీలం పెన్సిలుతో ఓ టిక్కు పెట్టాడు. గిట్టనివాళ్లు పుట్టించిన కథ కాదిది, చర్చిలే తర్వాత రాసుకున్నాడు. అంతా ఆ కాగితం ప్రకారమే జరగలేదనుకోండి, యుగోస్లావియా ఇద్దరికీ లొంగలేదు. కానీ ఆ దేశాల మనుషుల్లో ఒక్కర్నయినా అడిగిన పాపాన పోలేదు.

కొరియాది మరీ అన్యాయం. 1945 ఆగస్టు 10న రాత్రి బాగా పొద్దుపోయాక, కొరియాను ఏలుతున్న జపాన్ లొంగిపోబోతోందని తెలిసి, అమెరికా, సోవియట్ సేనల్లో ఏది ఎక్కడిదాకా రావాలో తేల్చమని వాషింగ్టన్‌లో ఇద్దరు కర్నళ్లకు పని అప్పగించారు. వాళ్లు నేషనల్ జియోగ్రాఫిక్ పటం ముందేసుకుని, అరగంటలో 38వ అక్షాంశం దగ్గర గీత గీశారు. ఆ ఇద్దరిలో ఒకడైన డీన్ రస్క్ తర్వాతి కాలంలో అమెరికా విదేశాంగ మంత్రి అయ్యాడు. 1950లో మొదలైన యుద్ధంలో లక్షలమంది చనిపోయారు. గీత కాస్త అటూ ఇటూ జరిగింది, దేశం రెండు ముక్కలుగానే మిగిలిపోయింది.

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో ఏ తీర్మానాన్నయినా ఒక్క పెద్ద దేశం అడ్డుకోగల వీటో గురించి రోజూ తిట్టుకుంటాం గదా, దాని పుట్టుక కూడా ఇలాంటిదే. 1945 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌లోని యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ ముగ్గురూ దాన్ని ఖాయం చేసేశారు. ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో సమితి చార్టర్ రాసే సభ మొదలయ్యాక ఆస్ట్రేలియా, మరికొన్ని దేశాలు గట్టిగా అడ్డుచెప్పాయి. వీటో వద్దంటే అసలు సమితే ఉండదని చెప్పడానికి అమెరికా సెనేటర్ టామ్ కానలీ ముసాయిదా ప్రతిని అందరూ చూస్తుండగానే పరపరా చించేశాడు. దాంతో నోళ్లు మూతపడ్డాయి. స్వాతంత్ర్యం రాకముందే భారత్ కూడా ఆ చార్టర్ మీద సంతకం చేసింది. చేసిన ప్రతినిధులను ఎంపిక చేసింది మాత్రం బ్రిటిష్ ప్రభుత్వం.

గెలిచినవాళ్లకైనా సుఖం దక్కిందా అంటే, బ్రిటన్‌లో యుద్ధం జరిగినంత కాలమూ లేని బ్రెడ్డు రేషన్ 1946లో వచ్చింది. అమెరికా దగ్గర చేసిన అప్పు ఆఖరి కిస్తీ కట్టింది 2006 డిసెంబరులో.

అయితే జనానికి ముందే తెలిసిన చోట కథ మరోలా నడిచింది. 1942 డిసెంబరులో బెవరిడ్జ్ నివేదిక వెలువడింది. నిరుద్యోగం, జబ్బు, ముసలితనం - వీటి భారం ప్రభుత్వం ఎలా మోయాలో చెప్పే నివేదిక. చదవడానికి అదేమంత సరదాగా ఉండదు. అయినా బ్రిటన్ జనం వరసలో నిలబడి కొనుక్కున్నారు, పత్రికలు పతాక శీర్షికల్లో వేశాయి. సైనికులకు పంచిన సంక్షిప్త ప్రతిని ప్రభుత్వం బెదిరిపోయి వెనక్కి తీసుకుంది. లాభం లేకపోయింది. 1945 జులై ఎన్నికల ఫలితాల్లో, యుద్ధం గెలిపించిన చర్చిల్‌నే జనం ఇంటికి పంపారు. 1948 జులై 5న, అందరికీ ప్రభుత్వమే వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ఆ నివేదిక రెండో పేజీ మూలలో నాలుగు లైన్ల వార్తగా వచ్చి ఉంటే ఇంత జరిగేదని నేననుకోను.

అందుకే నా విన్నపం. యుద్ధంలో ఉన్న దేశానికి ఎవరు అప్పిస్తున్నారు, ఏ షరతుల మీద? కూలిన వంతెనలు, విద్యుత్ కేంద్రాలు తిరిగి కట్టే పనులు ఎవరికి రాసిచ్చారు? గనుల మీద హక్కులు ఎవరికి వెళుతున్నాయి? చర్చలకు ఎవర్ని పిలవలేదు? 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఆ ఏడాది జనవరి 1కి ముందు జరిగిన ఘటనలకే వర్తించేది. ఆ ఒక్క తేదీ చాలు, తర్వాత రోడ్డున పడ్డవాళ్లంతా లెక్కలోకి రాకుండా పోవడానికి. 1967లో గానీ దాన్ని తీసేయలేదు. ఇప్పటి ఒప్పందాల్లో అలాంటి తేదీలు ఎక్కడ దాగున్నాయో మీ విలేఖరులు వెతికి చెప్పాలి. యుద్ధ పటం పక్కన వారానికోసారి ఒప్పందాల్లో రాసుకున్నదేంటో కూడా వేయండి. మొదటి పేజీయే కానక్కర్లేదు.

- మీ పాఠకుడు